వేసవి మంటలు – గ్రామరక్షణము, ఊరు విడువవలసి వచ్చినపుడు చేయవలసిన సన్నాహము

వరికోతలు ముగిసినది మొదలు తొలకరి వాన కురియు వరకు గ్రామములకు అగ్నిభయము మెండు. ఆ నెలలలో చేలయందు ఎండిన కొయ్యకాళ్ళు, కళ్ళములయందు గడ్డివాములు, గట్లమీద ఎండుగడ్డి, తాటిచెట్లకు వ్రేలాడు ఎండుమట్టలు ఒకదాని వెంట నొకటి వరుసగా నుండును. ఆర్పక పారవేసిన ఒక చుట్టపీక గాని, ఒరసికొన్న విద్యుత్తు తీగలనుండి రాలిన ఒక రవ్వ గాని వీనిలో దేని నంటినను, ఏడాదికి సరిపడ కూర్చుకొన్న పశువుల మేత కొద్దిసేపటిలో బూడిద యగును. గాలి తోడైనచో పాకలకును, ఇండ్లకును, మనుష్యులకును ముప్పు వాటిల్లును.

మంట కంటబడిన పిమ్మట ఆలోచనకు వ్యవధి యుండదు. ఏ వస్తువు తీసికొనవలెను, ఏ పశువును ముందు విప్పవలెను, ఏ దారిని పోవలెను అను సంగతులను తీరికవేళ నిశ్చయించుకొన్న కుటుంబము క్షేమముగా బయటపడును. మంట ముందర నిలిచి తర్జనభర్జన పడు కుటుంబము నష్టపడును. ఈ ఒక్క సంగతిని రైతులకు బోధపరచుటయే ఈ కరపత్రము నుద్దేశించిన పని.

1. అడవి లేని చోట అడవిమంట

హనుమాన్ జంక్షన్ పరిసరములలో చెప్పుకోదగిన మహారణ్య మేదియు లేదు. కావున అడవిమంటల మాట తమకేల యని అచ్చటి రైతులు తలచుట సహజము. కాని నిప్పునకు అడవి యని, పొలమని భేదము లేదు. ఎడతెగక పరచుకొన్న ఎండుపదార్థము, దానికి తోడు గాలి, ఈ రెండు నున్న చోటెల్ల అది అడవియందు వలెనే ప్రాకును.

ఈ కూడలి యున్న తావును పరిశీలించినచో ఈ విషయము తెలియగలదు. పడమట విజయవాడకును, తూర్పున ఏలూరునకును జాతీయ రహదారి పోవుచున్నది. ఉత్తరమున నూజివీడు వైపు మెట్టభూములు, మామిడితోటలు, ఆయిల్ పామ్ తోటలు, మొక్కజొన్న చేలు కలవు. దక్షిణమున గుడివాడ వైపు కృష్ణా డెల్టా వరిపొలములు కలవు. వేసవియందు మెట్టవైపున మామిడిచెట్ల క్రింద రాలిన ఆకును, ఎండిన మొక్కజొన్న చొప్పయు, డెల్టావైపున వరి కొయ్యకాళ్ళును నిప్పునకు ఆహారమై సిద్ధముగా నుండును. అదే కాలమున కాలువలకు నీరు కట్టివేయుదురు గనుక, మంట నార్పుటకు చేరువలో నీరు దొరకుట కూడ దుర్లభమగును. కృత్తిక, రోహిణి కార్తెలలో వీచు పడమటి వడగాలి ఈ యవస్థను పూర్తిచేయును.

అడవిమంట లెట్టివో ఆంధ్రదేశమునకు తెలియనిది కాదు. 2014 మార్చిలో తిరుమల చెంతనున్న శేషాచల అరణ్యము తగులబడినపుడు, నేలమీద నుండి ఆర్పుట సాధ్యము కాక, వాయుసేన హెలికాప్టరులతో నీరు చల్లవలసి వచ్చినది. 2018 మార్చి 11వ తేదీన తమిళదేశమందలి తేని జిల్లా కురంగణి కొండలలో విహారమునకు పోయినవారు గడ్డిమంటలో చిక్కుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిని చుట్టుముట్టినది మహావృక్షముల మంట కాదు, ఎండిన కొండగడ్డి. ఎండుగడ్డి మంట చూచుటకు అల్పముగా దోచును గాని, పరుగున మనిషిని మించిపోగలదు.

2. నిప్పు ప్రాకు విధము

మంట నిలుచుటకు మూడు వస్తువులు కావలెను: కాలెడు పదార్థము, గాలి, వేడిమి. వీనిలో ఒకదానిని తప్పించినను మంట చచ్చును. నీరు పోయుట వేడిమిని తగ్గించుట. మన్ను గాని, తడిగోనె గాని కప్పుట గాలిని తప్పించుట. మంటకు ముందు నేలను దున్నుట కాలెడు పదార్థమును తప్పించుట. పెద్ద మంటయందు మొదటి రెండు పనులును రైతు శక్తికి మించినవి. మూడవ పని మాత్రము మంట పుట్టకముందే చేసికొనదగినది గనుక, రైతునకు ముఖ్యమైన సాధనము నాగలియే గాని నీటి కడవ కాదు.

మంట మూడు విధముల వ్యాపించును. ఒకటి, నేలబారుగా గడ్డివెంట ప్రాకుట. రెండు, సెగచే ఎదుటి వస్తువును ఎండించి అంటించుట. మూడు, నిప్పురవ్వలు గాలిలో ఎగిరి దూరమున పడుట. ఈ మూడవ విధమే మిక్కిలి మోసకరమైనది. తాటిమట్టల కొసలును, గడ్డిపరకలును మండుచునే ఎగిరి, దారిని, బోదెను, కాలువను సైతము దాటి ఆవలి వామిమీద పడగలవు. మంట ఇంకను దూరమున నున్నదని చూచుచున్న వాని వెనుక ప్రక్కనే పాకకప్పు రాజుకొనుట అట్లు సంభవించును.

మెరకకు ఎగబ్రాకు మంట పల్లమునకు దిగు మంటకంటె వేగవంతము. పైనున్న గడ్డి క్రిందిమంట సెగకు ముందే ఎండి సిద్ధమగుటయే దీనికి కారణము. మెట్ట గ్రామములవారు ఇది గుర్తుంచుకొని, మంటకు భయపడి దిబ్బ ఎక్కు నలవాటును మానవలెను.

3. రైతు తన చేతులతో పెట్టు నిప్పు

పొలము త్వరగా శుభ్రపడునని కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టు నలవాటు వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట హెచ్చినది. యంత్రము కోసిన చేలో గడ్డి చిందరవందరగా పడియుండుటయు, దానిని ఏరుటకు కూలీలు దొరకకుండుటయు దీనికి హేతువులు. రైతుల ఇబ్బంది నిజమైనదే. అయినను దీనివలన కలుగు నష్టమును లెక్కించి చూడవలెను.

ఒక టన్ను వరిగడ్డిని తగులబెట్టినచో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషియము, 1.2 కిలోల గంధకము నేలకు దక్కకుండ పోవునని వ్యవసాయశాస్త్రజ్ఞులు లెక్కకట్టియున్నారు. అనగా మరుసటి పైరునకు సంచులకొలది కొను సారములో కొంత భాగమును రైతు తానే పొగగా పంపివేయుచున్నాడు. పైపొరలోని మేలుచేయు సూక్ష్మజీవులును వేడిమికి నశించును. రహదారి ప్రక్కన పెట్టిన నిప్పు పొగ దారిని కమ్మి, బండ్లు ఒకదాని నొకటి ఢీకొనుటకు కారణమగును. గట్టుదాటి పొరుగువాని వామి నంటినచో వైరములును, వ్యాజ్యములును మిగులును. అజాగ్రత్తచే నిప్పువలన ఇతరుల ప్రాణమునకు అపాయము గాని, దెబ్బ గాని కలుగునట్లు ప్రవర్తించిన వానికి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండువేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

కావున గడ్డిని కట్టలు కట్టు యంత్రముతో ఏరించి మేతకు నిలువ చేసికొనుట, లేదా రొటవేటరుతో నేలలో కలియదున్ని చివుకనిచ్చుట శ్రేయస్కరము. నలుగురు రైతులు కలసి యంత్రమును బాడుగకు తెచ్చుకొన్నచో ఖర్చు భారము కాదు.

4. వేసవికి ముందు చేయవలసిన పనులు

కోతలు కాగానే ఈ క్రింది పనులను ముగించుకొనవలెను.

(అ) దుక్కి పట్టె: గ్రామమునకు పడమటి వైపున పొలముల అంచువెంట పది గజముల వెడల్పున నేలను దున్ని, గడ్డి పరక లేకుండ ఉంచవలెను. కళ్ళముల చుట్టును, మామిడితోటల చుట్టును మూడు నాలుగు గజముల పట్టె దున్నవలెను. రవ్వలు ఎగురు స్వభావము కలవి గనుక, పట్టె ఉన్నది గదా యని నిర్భయముగా నుండరాదు. అది మంటను నెమ్మదింపజేసి, మనుష్యులకు వ్యవధి నిచ్చును. అదియే దాని ఉపయోగము.

(ఆ) గడ్డివాములు: పనికి సుళువని పశువులపాక ప్రక్కనే వామి వేయుట సర్వసాధారణము. ఇది సరికాదు. ఇంటికిని, పాకకును కనీసము ఇరువది గజముల దూరమున, వీలైనంత వరకు గాలివాలునకు, అనగా తూర్పువైపున, పొరుగువారి యిండ్లకు ముప్పు లేని చోట వామి వేయవలెను. మేత యంతయు ఒకే వామిగా గాక, రెండు మూడు వాములుగా వేరు వేరు తావులలో వేసినచో, ఒకటి కాలినను పశువులకు కొంత మేత మిగులును. రెండు మూడు దినములకు సరిపడు గడ్డి మాత్రమే పాకవద్ద ఉంచుకొనవలెను. తడిగడ్డిని వామి వేసినచో లోపల వేడి పుట్టి తనంతట తానే రాజుకొను ప్రమాదము కలదు గనుక, బాగుగా ఆరనిచ్చి వేయవలెను.

(ఇ) విద్యుత్తు తీగలు: గడ్డి ఎత్తుగా నింపిన ట్రాక్టరు ట్రక్కు వ్రేలాడు తీగలకు తగిలి తగులబడుట వేసవియందు కలుగు ప్రమాదములలో ఒకటి. గడ్డి తోలు దారిలో తీగలు దిగువకు వ్రేలాడుచున్నచో, 1912 సంఖ్యకు ఫోను చేసి విద్యుత్తు శాఖవారికి తెలిపి సరిచేయించుకొనవలెను. కఱ్ఱతో తీగ నెత్తి బండిని దాటించు సాహసము ఎన్నడును చేయరాదు. తీగల క్రిందను, ట్రాన్సుఫార్మరు చెంతను వామి వేయరాదు.

(ఈ) ఇంటి ఆవరణ: కప్పుమీది ఎండుటాకులను, చూరు క్రింది పిడకలను, కంపను తొలగింపవలెను. ఇంటి చేరువనున్న తాటిచెట్ల ఎండుమట్టలను కొట్టివేయవలెను. ఎండిన కంపకంచె ఇంటిగోడ నానుకొని యుండరాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మంటల భయము గల ప్రాంతములయందు, ఇంటిచుట్టును నూరడుగుల మేర ఎండుపదార్థమును తొలగించియుంచుట శాసనముచే విధింపబడినది. తెలుగు పల్లెయందు అంత స్థలము ప్రతివానికి నుండదు గాని, ఉన్నంత స్థలమును శుభ్రముగా నుంచుట ప్రతివానికి సాధ్యము.

(ఉ) నీరు: కాలువలు కట్టకముందే తొట్లను, డ్రమ్ములను నింపి యుంచుకొనవలెను. మంట సమయమున కరెంటు పోవుట మామూలు గనుక, విద్యుత్తు మోటారునే నమ్ముకొనరాదు. మందు చల్లు స్ప్రేయరులను శుభ్రముగా కడిగి నీటితో నింపి ఉంచినచో, చిన్న మంటలను, రవ్వలను ఆర్పుటకును, కప్పులను తడుపుటకును పనికివచ్చును. గోనెసంచులు, పారలు, ఇసుక ఒకచోట నుంచవలెను. కరెంటు తీగ మండుచున్నచో మాత్రము నీరు చల్లరాదు.

5. ఊరు విడుచుట పిరికితనము కాదు

తాతలనాటి ఇంటిని, పశువులను, ధాన్యమును విడిచి పోవుటకు రైతు మనస్సొప్పదు. ఇది స్వాభావికము. అయితే ఈ డెల్టావాసులకు ఈ విషయమున చరిత్రయే గురువు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు, సకాలమున తరలింపు జరుగక, ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే 9వ తేదీన మరియొక తీవ్రమైన తుఫాను కృష్ణా ముఖద్వార ప్రాంతమునే తాకినది. ఆ పర్యాయము లక్షలాది జనులను ముందుగా తరలించిరి. ఆస్తినష్టము అపారమైనను, మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. సముద్రము మారలేదు, తీరము మారలేదు. జనులు ముందు కదలుటయే ప్రాణములను నిలిపినది.

తుఫానునకును మంటకును ఒక భేదము కలదు. తుఫాను రాకను వాతావరణశాఖవారు కొన్ని దినములు ముందుగా తెలుపుదురు. వరదలో చిక్కినవానికి మేడ మీది కెక్కు నవకాశమైన నుండును. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలను ముంచినపుడు అనేక కుటుంబము లట్లే మేడలపై కాచుకొనియున్నవి. మంటయందు ఈ రెండును లేవు. అది చెప్పి రాదు. వచ్చిన పిమ్మట మేడయు, కప్పును శరణ మీయవు. కావున మంట విషయమున ప్రతి కుటుంబమును తనకు తానే హెచ్చరిక చేసికొనవలసి యున్నది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 2009 ఫిబ్రవరి 7వ తేదీన చెలరేగిన మంటలలో 173 మంది మరణించిరి. అంతకుముందు అచ్చటివారికి, సన్నాహము చేసికొని ఇంటిని కాచుకొనుట, లేదా ముందుగా వెడలిపోవుట అను రెండు మార్గములును ఉపదేశింపబడుచుండెను. ఇంటిని కాపాడవలెనని నిలిచినవారిలో పలువురు ఆ యింటనే మరణించుట చూచి, మిక్కిలి ప్రమాదకరమైన దినములలో ముందుగా వెడలిపోవుటయే క్షేమమని అచ్చటి ప్రభుత్వము తరువాత బోధింపసాగినది. కాలిఫోర్నియాలోని పారడైజు అను ఊరును 2018 నవంబరు 8వ తేదీన మంట చుట్టుముట్టగా, అందరును ఒకే వేళ దారి పట్టుటచే బండ్లు కదలక నిలిచిపోయినవి. ఆ మంటలో 85 మంది మరణించిరి. వారిలో వృద్ధులే ఎక్కువ. వీనివలన తేలు నీతి యేమనగా: బలము గలవాడు నిలిచి పోరాడవచ్చును గాని, వృద్ధులు, పిల్లలు, గర్భిణులు, రోగులు మొదటి పొగకే కదలవలెను.

6. మూట సిద్ధముగా నుంచుట

ఇంటి యజమాని వేసవి నాలుగు నెలలును ఒక సంచిని చేతికందు చోట నుంచవలెను. అందు పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, ఆధారు కార్డులు, బ్యాంకు పుస్తకములు, బీమా పత్రములు, కొంత రొక్కము, నిత్యము వాడు మందులు, చేతిదీపము, త్రాగునీరు, నూలుబట్టలు ఉండవలెను. కాగితముల ఛాయాచిత్రములను ఫోనులో నుంచి, పొరుగూరి బంధువునకు కూడ పంపియుంచుట మంచిది.

కాగితముల కొరకు మండుచున్న ఇంటిలోనికి తిరిగిపోవుట మహాపరాధము. రిజిస్టరైన దస్తావేజునకు సబ్ రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరకును. అడంగలు, 1బి పత్రములు రెవిన్యూ లెక్కలనుండి మరల పొందవచ్చును. ధాన్యము మరుసటి ఏడు పండును. నకలు లేనిది ప్రాణ మొక్కటియే.

7. పశువులు

పాకలో తలుగుతో కట్టబడిన పశువు మంటకు పారిపోలేదు. దానికి యజమాని చేయియే ఆధారము. కావున వేసవియందు చిక్కుముడి వేయక, ఒక్క లాగుతో ఊడివచ్చు జారుముడి వేయవలెను. గొలుసుతో బంధింపరాదు. పాక ద్వారమునొద్ద ఒక కొడవలిని ఎల్లప్పుడు వ్రేలాడదీసి యుంచినచో, ముడి విప్ప వీలుకానపుడు తలుగు కోయవచ్చును. పాకకు రెండు వైపుల ద్వారము లుండుట మేలు.

భయపడిన పశువు తనకు పరిచితమైన పాకలోనికే తిరిగి పరుగెత్తు స్వభావము గలది. విప్పి బయటకు తోలిన పిమ్మట ద్వారమునకు తడిక అడ్డము పెట్టవలెను. పశువులను తోలుటకు తావును ముందే నిర్ణయింపవలెను. ఎండుగడ్డి లేని దుక్కి చేను, చేపల చెరువు గట్టు, ఎండిన చెరువులోని బోసినేల ఇందుకు తగిన తావులు. చూడి పశువులను, దూడలను ముందు కదల్పవలెను. పశువుల చెవికి వేసిన పన్నెండంకెల సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొన్నచో, చెదరిపోయిన పశువును గుర్తించుటకును, బీమా కోరుటకును ఉపకరించును. గాయపడిన పశువులకు 1962 సంఖ్యకు ఫోను చేయవలెను.

తోలుటకు వ్యవధి లేనిచో తలుగులు కోసి విడిచిపెట్టి, మనుష్యులు వెడలిపోవలెను. కట్టివేసి పోవుట తగదు. వాని వెంట నిలిచిపోవుటయు తగదు.

8. ఎప్పుడు కదలవలెను, ఏ దారిని పోవలెను

ప్రతి గ్రామమునను పెద్దలు కూర్చుండి రెండు గుర్తులను నిర్ణయించుకొనవలెను. పడమట పొగ కనబడి, గాలి గ్రామముపైకి వీచుచున్నచో అది మొదటి గుర్తు. అప్పుడు వృద్ధులను, పిల్లలను, రోగులను పంపి, పశువులను తోలవలెను. మంట ఫలానా దారినో, ఫలానా బోదెనో దాటినచో అది రెండవ గుర్తు. అప్పుడు వామి నార్పువారు కూడ పనిని విడిచి కదలవలెను. రెండవ గుర్తు తరువాత ఎవరును వాదింపరాదు. ఈ గుర్తులను తెలుపుటకు గుడిగంట గాని, మైకు గాని, దండోరా గాని ముందే ఏర్పరచుకొనవలెను.

మొదటి పొగకే 101 సంఖ్యకు గాని, 112 సంఖ్యకు గాని ఫోను చేయవలెను. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడినప్పటినుండి నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. హనుమాన్ జంక్షన్ కృష్ణా జిల్లాలో నిలిచినది. ఊరు ఏ జిల్లాదను విచారణతో కాలము వ్యర్థము చేయక, వెంటనే ఫోను చేసి గ్రామము పేరు, మండలము, రహదారినుండి వచ్చు దారి, చేరువనున్న నీటివసతి స్పష్టముగా చెప్పవలెను. ఒక మనిషి రహదారి మలుపున నిలిచి ఫైరింజనుకు దారి చూపవలెను. వీధులలో అడ్డముగా నిలిపిన ట్రాక్టరులను, ట్రక్కులను అంతకుముందే తొలగింపవలెను.

గాలి పడమటనుండి వీచునపుడు తూర్పుముఖముగా ఏలూరు వైపు పరుగెత్తుట, మంటతో పందెము వేయుటయే యగును. గాలికి అడ్డముగా, అనగా ఉత్తరముగా నూజివీడు దారిని గాని, దక్షిణముగా గుడివాడ దారిని గాని, మంట లేని వైపునకు పోవుటయే మార్గము. గాలి మారవచ్చును గనుక రెండు దారులును ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. చేరవలసిన బంధువుల ఇంటిని ముందే నిర్ణయించుకొన్నచో, చెదరినవారు ఒకచోట కలసికొందురు. పొగ కమ్మిన దారిలో బండి తోలరాదు.

ఇల్లు విడుచునపుడు గ్యాసు సిలిండరు మూసి, కరెంటు మెయిన్ తీసి, తలుపులు, కిటికీలు మూయవలెను. తాళము వేయుటకై ఆలస్యము చేయరాదు. ప్రక్కయింట ఒంటరి వృద్ధు లున్నచో పిలిచి తీసికొనిపోవలెను. పాలేరుల, కౌలుదారుల కుటుంబములు సాధారణముగా పాకలలో నుండుటచే ముప్పు వారికే హెచ్చు. వారిని తరలించు భారము ట్రాక్టరులు, బండ్లు గల రైతులపై నున్నది.

9. మంటలో చిక్కినచో

దారి మూసికొనిపోయినచో, ఇదివరకే కాలిపోయి చల్లబడిన నేలకు గాని, దుక్కి చేనికి గాని, నీరున్న చెరువునకు గాని చేరవలెను. ఎండు బోదెలోనో, గడ్డిచేనిలోనో దాగరాదు. ముక్కునకు, నోటికి తడిగుడ్డ కట్టుకొని, నేలకు వంగి నడువవలెను; పొగ పైకెగయుటచే నేలవద్ద గాలి కొంత శుభ్రముగా నుండును. నైలాను బట్టలు కరగి చర్మమునకు అంటుకొనును గనుక నూలుబట్టలే ధరింపవలెను. బట్టలకు నిప్పంటినచో పరుగెత్తక, నేలమీద పడి దొర్లవలెను.

కాలిన గాయముమీద ఇరువది నిమిషములపాటు చల్లని నీరు ధారగా పోయవలెను. సిరా, పేడ, పసుపు, పండ్లపొడి మొదలగునవి పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను.

10. తిరిగి వచ్చిన పిమ్మట

మంట ఆరినదని అగ్నిమాపక శాఖవారు చెప్పిన తరువాతనే ఊరికి తిరిగి రావలెను. వామి పైకి ఆరినట్లు కనబడినను లోపల కొన్ని దినములు రగులుచుండును. పెంటకుప్పలు, తాటిమోడులును అట్టివే. వానిని విడదీసి నీరు పోసి పూర్తిగా చల్లార్పవలెను. తెగిపడిన తీగలను ముట్టరాదు. నష్టమును ఛాయాచిత్రములు తీయించి, గ్రామ రెవిన్యూ అధికారికి వెంటనే తెలిపి పంచనామా జరిపించుకొనవలెను. అగ్నిమాపక శాఖవారి నివేదిక బీమా కోరుటకు అవసరమగును.

ముగింపు

పైన చెప్పిన పనులలో అధిక వ్యయము కలది ఏదియు లేదు. ఒక పూట దుక్కి, రెండు చోట్ల వామి, ఒక జారుముడి, ద్వారమునొద్ద ఒక కొడవలి, చేతికందు చోట ఒక సంచి, ఊరి పెద్దలు ఒక సాయంకాలము కూర్చుండి నిర్ణయించు రెండు గుర్తులు, ఇంతియే. ఏ వేసవియు మంట రాకపోవచ్చును. అప్పుడు రైతునకు కలుగు నష్ట మొక పూట పని మాత్రమే. ఒక్క వేసవి వచ్చినను, ఆ ఒక్క పూట పని కుటుంబమును నిలుపును. రైతులు ఈ కరపత్రమును ఇంటనుంచుకొని, చదువురానివారికి చదివి వినిపించి, కుప్పనూర్పులు ముగియగానే ఈ సన్నాహములను ప్రారంభింపవలెను.